వాము ఆకుకు న్యాయమైన పరీక్ష
కేంద్రీయ ఆయుర్వేద విజ్ఞాన పరిశోధనా మండలి మహానిర్దేశకులకు బహిరంగ లేఖ

మహాశయా,

తైవాన్ దేశమున ఒక ఔషధ సంస్థ మన పెరటి కుండీలలో పెరుగు వాము ఆకునుండియు, మన చెరువుగట్ల తేమనేలలో ప్రాకు సరస్వతి ఆకునుండియు సారములను తీసి, వానితో ఒక లేపనమును సిద్ధపరచి, దానిని తైవాన్, చైనా, అమెరికా దేశములలోని 21 వైద్యకేంద్రములలో మధుమేహమువలన పాదములపై పుండ్లు పడిన 236 మందియందు పరీక్షించి, 16 వారముల చికిత్స ముగియునప్పటికి లేపనము పూసినవారిలో నూటికి 60.7 మందికి పుండు పూర్తిగా మానినదనియు, సాధారణముగా వాడు హైడ్రోఫైబరు పట్టీ వేసినవారిలో నూటికి 35.1 మందికి మాత్రమే మానినదనియు 2021వ సంవత్సరమున అమెరికా వైద్యసంఘపు పత్రికలలో ఒకదానియందు ఫలితములను వెలువరించినది. ఆ వ్యాసమును చదివిన నాటినుండియు నా మనస్సున మెదలుచున్న ప్రశ్నను ఈ లేఖామూలమున మీ సన్నిధికి తెచ్చుచున్నాను. ఆ పరీక్ష మన దేశమున, మన ఆస్పత్రులలో, మీ మండలి యాధ్వర్యమున ఏల జరుగలేదు?

వంటింట పోపునకు వాడు వాము గింజ వేరొక మొక్కది. నేను చెప్పుచున్నది బజ్జీలు వేసికొనుటకును, జలుబు చేసినప్పుడు రసము పిండుకొనుటకును ఇంటింట కుండీలో పెంచు దళసరి ఆకును గూర్చి. సరస్వతి ఆకన్నచో, పిల్లలకు జ్ఞాపకశక్తి కలుగునని తినిపించునదిగానే మనలో పెక్కుమందికి తెలియును. ఈ రెండును మనకు పరిచితములే. వానిపై శాస్త్రీయమైన తీర్పు మాత్రము మనకు దూరదేశమునుండి రావలసి వచ్చినది. ఆ పరీక్షకు వ్యయమును భరించినది ఆ మందును అమ్మదలచిన సంస్థయే గనుక దాని ఫలితములను స్వతంత్రులైన పరిశోధకులు మరల పరిశీలింపవలసిన యావశ్యకత గలదు. ఆ పనికి మీ మండలికంటె తగిన సంస్థ మన దేశమున మరియొకటి నాకు కనబడుట లేదు.

నేను శస్త్రవైద్యుడను. తెలుగు జిల్లాల ప్రభుత్వాస్పత్రులలో పుండ్లకు కట్లు కట్టుచు, కట్టించుచు, ఎంతకును మానని వ్రేళ్లను కోసి తీయుచు నా యుద్యోగకాలము గడిపితిని. ప్రజలు 'షుగరు పుండు' అని పిలుచు ఆ పాదవ్రణమును దగ్గరనుండి చూడనివారి కొరకు ఇచ్చట కొంత వివరముగా చెప్పుట యవసరము. అరికాలి బొటనవ్రేలి మొదటనో, మడమ ప్రక్కనో పుండుతో ఒక వ్యవసాయ కూలీ వచ్చి బల్లపై కూర్చుండును. చుట్టిన పాతగుడ్డను విప్పగనే మొదట కనబడునది పుండు కాదు, పసుపు. కొబ్బరినూనెతో కలిపి దట్టించిన పసుపు ఎండి, పెచ్చు కట్టి, అంచులనంటి యుండును. దానిని సెలైనుతో తడిపి, నానబెట్టి, ఫోర్సెప్సుతో అంచు వెంబడి మెల్లగా లేవనెత్తినప్పుడు క్రిందినుండి చీము పొంగును. పుండు చుట్టు చర్మము ఆనెకట్టి, తెల్లబారి, లోపలి గోతిని కప్పి దాచియుండును. ఇంత చేయుచున్నను ఆ మనిషి ముఖమున నొప్పి జాడయే కనబడదు. కన్నులు మూసికొనుమని చెప్పి, 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలానుపోగును పాదముపై ఒక్కొక్క చోట ఆనించి, తగులుచున్నదా యని యడిగినచో జవాబు రాదు. ముల్లు దిగినప్పుడు తెలియలేదు. చెప్పు కరచినప్పుడు తెలియలేదు. పుండు ఎముకను ముట్టినప్పుడును తెలియలేదు. మన దేశమున మధుమేహులు 10.1 కోట్లమంది యుందురని భారతీయ వైద్య పరిశోధనా మండలి యాధ్వర్యమున జరిగిన సర్వే ఆధారముగా 2023లో అంచనా ప్రకటితమైనది. వారిలో ఇట్టి పుండు పడినవారికి ఏ యాకు ఎంతవరకు పనికివచ్చునో తేల్చి చెప్పుట పండితుల వినోదమునకు చాలిన విషయము కాదని మీకు నేను వేరుగా విన్నవింపనక్కరలేదు.

గాయము మానుట యనునది ఒక్క క్రియ కాదు. చర్మము తెగిన క్షణమున రక్తనాళములు ముడుచుకొని, ప్లేట్‌లెట్లు గుమిగూడి నెత్తురును గడ్డకట్టించును. కొన్ని గంటలలో తెల్లకణములు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కండను తొలగించుటకు పూనుకొనును. ఆ పిదప కొలాజను అను మాంసకృత్తు పోగులను నేయు కణములును, కొత్త రక్తనాళములును కలిసి పుండు అడుగునుండి ఎర్రని కండను లేపును. చెరువుపై నాచు గట్టునుండి నడిమికి అల్లుకొనిపోవునట్లు పుండు అంచులలోని చర్మకణములు ఆ ఎర్రకండ మీదుగా ప్రాకి దానిని కప్పును. తుదకు తొందరపాటున అల్లిన పోగుల స్థానమున గట్టిపోగులు చేరి మచ్చ బలపడుట నెలల తరబడి సాగును. అంత జరిగినను ఆ చోటు పూర్వపు చర్మబలములో నూటికి 80 పాళ్లకు మించి తిరిగి పొందజాలదు. మధుమేహి పుండు ఈ ప్రయాణమున రెండవ మజిలీవద్దనే నిలిచిపోవును. అచ్చట శుద్ధికార్యమునకు వచ్చిన మాక్రోఫేజులను కణములు, పని ముగిసినప్పుడు తమ స్వభావమును మార్చుకొని నిర్మాణమునకు తోడ్పడవలసినవి, అట్లు మారక, వాపును రగిలించుచునే యుండును. వాము ఆకు, సరస్వతి ఆకుల సారములు కలిసిన ఆ లేపనము ఈ మార్పునే త్వరపెట్టునని దానిని సృష్టించినవారి వాదము. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడు అను పదార్థము కొలాజను నేతను ప్రోత్సహించునని ప్రయోగశాలలలో పెంచిన మానవ చర్మకణములపై పలుమారులు కనబడినది. ఆ పదార్థమును గత శతాబ్దపు నడిమికాలముననే మడగాస్కరు దీవి మొక్కలనుండి ఫ్రెంచివారు వేరుచేసి, దాని లేపనమును ఔషధశాలలలో అమ్మకమునకు పెట్టిరి. అనగా ఈ త్రోవ కొత్తది కాదు. మనము నడువని త్రోవ మాత్రమే.

ఇక్కడ మరియొక ఆకును గూర్చి కొంచెము తీరికగా చెప్పనిండు. బడికి పోవు త్రోవల ప్రక్కన, పొలముల గట్లపై, రైలుకట్టల వెంట, ఎవరును నాటక, ఎవరును నీరు పోయక పెరుగు గడ్డిచేమంతిని మీరు చూచియే యుందురు. నూగు కలిగిన రంపపుటంచుల ఆకులు, పొడుగాటి కాడ చివర పసుపుపచ్చని నడిమితో, వెలివెల్లని రేకులతో ఒంటి పువ్వు. దీనిని కొందరు నల్లారమందురు, కొందరు గాయపాకందురు, పలకలనాటివారు పలకాకనియు అందురు. ఏలయన, బొగ్గుతో నూరి పలకకు రుద్ది నల్లబరచుటకు పిల్లలు కోసికొనుచు వచ్చిన ఆకు ఇదియే. ఆ పిల్లలే ఆడుకొనుచు మోకాలు చీరుకొన్నప్పుడు, అదే యాకును అరచేతుల నడుమ నలిపి, ఆకుపచ్చని రసమును గాయముపై పిండుకొనెడువారు. మంట పుట్టెడిది, నెత్తురు నిలిచెడిది, ఆట సాగెడిది. ఈ మొక్క జన్మభూమి ఉష్ణమండలపు అమెరికా. సముద్రములు దాటి మన నేలపై కాలుపెట్టిన పిమ్మటనే మనవారికి దీనితో పరిచయము. కావున సుశ్రుతుడు దీనిని ఎరుగడు, చరకుడు ఎరుగడు. ఏ ఋషియు దీని గుణమును మనకు బోధింపలేదు. పసులకాపరులు, కూలివారు, బడిపిల్లలు తమ గాయములపై తామే చూచి, మరల చూచి, ఒకరికొకరు చెప్పుకొని దీనికి గాయపాకని పేరుపెట్టిరి. మన వైద్యజ్ఞానమంతయు ప్రాచీనగ్రంథములలోనే నిక్షిప్తమై యున్నదని నమ్ముటవలన ఇట్టి పరిశీలనకు మనము గౌరవమీయక పోవుచున్నాము. ఈ మొక్క సారము, డెక్సామెథసోను అను స్టెరాయిడువలన మందగించిన గాయములపై చర్మము పెరుగుటను తిరిగి వేగిరపరచెనని 1990ల నాటికే ఎలుకలయందు కనబడినది. ఆ స్టెరాయిడువలననే తగ్గిన గాయపు సంకోచమును మాత్రము మార్చలేదనియు ఆ పరిశోధకులే నిజాయితీతో తెలిపిరి. ఎలుకలయందు జరిగినది మనుష్యులయందు జరుగునా? ఎలుక గాయము చర్మము ముడుచుకొనుటచేత ఎక్కువగా మూయబడును, మన గాయము కొత్తకండ నిండుటచేత ఎక్కువగా మూయబడును. కావున ఎలుకల సాక్ష్యము పుట్టించినది ఆశయే గాని తీర్పు కాదు.

పసుపు సంగతి ఎత్తక తప్పదు. అది మీకును, నాకును, ప్రతి తెలుగు గృహమునకును పూజనీయమైనది. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్లలో బస్తాలకు బస్తాలుగా అమ్ముడగు ఆ కొమ్ముల విషయమున 1995వ సంవత్సరమున అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై పేటెంటు లభించుటయు, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి, రఘునాథ మషేల్కరు గారి నాయకత్వమున, సంస్కృత గ్రంథములును, 1953 నాటి భారతీయ వైద్యసంఘ పత్రిక వ్యాసమును సహా 32 ప్రమాణములను చూపి ఎదురుపోరాడి 1997లో దానిని రద్దుచేయించుటయు లోకవిదితమే. ఆ విజయమునకు నేను ఇప్పటికిని పొంగిపోవుదును. కాని ఆ రద్దువలన తేలినది ఆ జ్ఞానము పాతదని మాత్రమే. పసుపు ఎంత మోతాదున, ఏ విధమైన పుండునకు, ఎంతమందికి పనిచేయునను ప్రశ్న పేటెంటు కార్యాలయమున విచారణకే రాలేదు. మనమేమో వ్యాజ్యము గెలిచితిమను తృప్తిలో ఆ ప్రశ్నను అచ్చటనే విడిచిపెట్టితిమి.

1815లోనే వేరుచేయబడిన కుర్క్యుమిను పసుపులో నూటికి సుమారు 3 పాళ్లుండును. గాజుపాత్రలో కణములపై అది చూపు మహిమలను గూర్చి వేలకొలది వ్యాసములు వచ్చినవి. కాని ఆ పదార్థము నీట దాదాపు కరుగదు, శరీరద్రవములలో నిలువక త్వరలో విచ్ఛిన్నమగును, పైగా ప్రయోగశాలలోని పరీక్షావిధానములనే తికమకపెట్టి లేని గుణమును ఉన్నట్లు చూపగలదని 2017లో అమెరికా రసాయనశాస్త్ర సంఘపు పత్రికయందు గట్టి విమర్శ వెలువడినది. దీనివలన పసుపు నిష్ప్రయోజనమని తేలదు. పసుపుపొడిని పుండుపై కుమ్మరించుటయు, దానిలోని గుణమును పుండు అడుగుకు చేర్చుటయు రెండు వేరువేరు పనులని తేలును. అంతేకాక, బజారు పసుపునకు నిగారింపు రావలెనని సీసపు క్రోమేటును కలుపుచున్న యుదంతములు భారత ఉపఖండమున బయటపడినవి. అట్టి పొడిని తల్లి తన బిడ్డ కాలిపై ప్రేమతో అద్దుచున్నది.

కలబంద మనకు మరింత చక్కని పాఠము చెప్పును. కాలిన గాయములపై దానిని వాడిన 4 పరీక్షలను, 371 మంది రోగుల వివరములను కలిపి 2007లో చేసిన సమీక్షలో, కలబంద వాడినవారి గాయములు సగటున 9 దినములకు దగ్గరగా ముందు మానినట్లు కనబడినది. అదే కలబంద గుజ్జును, ఉదరమున శస్త్రచికిత్స పిదప విచ్చుకొన్న గాయములు గల స్త్రీలపై వాడి చూడగా, మామూలు చికిత్సలో సగటున 53 దినములలో మానిన గాయము కలబందతో 83 దినములు పట్టినదని 1991లో ప్రకటితమైనది. ఆ రెండవ పరీక్ష చాల చిన్నదే. అయినను ఆకు ఒక్కటే, గాయము వేరైనచో ఫలితము తలక్రిందులు కావచ్చునని ఇంతకంటె స్పష్టముగా చెప్పు దృష్టాంతము నాకు తెలియదు.

పరీక్షకు నిలిచి నెగ్గిన మొక్క యొకటి కలదు. పుట్టుకతోనే చర్మము దుర్బలమై, తాకినంతనే బొబ్బలెత్తి ఊడిపోవు ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా అను రోగమున పసిపిల్లలు పడు యాతన వర్ణింపరానిది. ఐరోపా భూర్జవృక్షపు బెరడునుండి బెట్యులిను మొదలైన ట్రైటెర్పీనులను తీసి, నూనెతో కలిపిన ఫిల్సువెజ్ అను జెల్లును 223 మందియందు పరీక్షింపగా, 45 దినములలో మానిన గాయములు ఆ జెల్లుతో నూటికి 41.3, మందులేని ఉత్తజెల్లుతో నూటికి 28.9. దానిని ఐరోపా సమాఖ్య 2022లోను, అమెరికా 2023లోను అంగీకరించినవి. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్నది ఆ వృక్షపు హిమాలయ సోదరి బెరడుపైననే. సరస్వతి ఆకులోని సారములును ట్రైటెర్పీను జాతివే. పచ్చిమొక్కనుండి నమ్మదగిన మందువరకు త్రోవ ఉన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మహాశయా, మీ సంస్థ ఏ శాస్త్రమునకు వారసురాలో ఆ శాస్త్రమే నా వాదమునకు బలము. సుశ్రుతసంహిత చికిత్సాస్థానపు ప్రథమాధ్యాయమున వ్రణమునకు 60 ఉపక్రమములు చెప్పబడినవి. వానియందు శోధనము వేరు, రోపణము వేరు. దుష్టవ్రణమును ముందుగా శుద్ధిచేసి, శుద్ధమైన పిదపనే మాన్పు ద్రవ్యములను ప్రయోగింపుమనుట ఆ యాచార్యుని మతము. నా శస్త్రవైద్యగురువులు నాకు నేర్పినదియు అదియే. కాని నేడు 'ఆయుర్వేదము' అను పేరిట మా వార్డులకు వచ్చు పుండ్లలో శోధనము మచ్చునకైనను కానరాదు. పసుపు, సున్నము, కాఫీపొడి, టూత్‌పేస్టు, పేడ, ఏది చేతికందిన అది పూయబడుచున్నది. మట్టిలోను, పేడలోను ధనుర్వాతపు బీజములుండునని తెలిసియు మనమిట్లు మిన్నకుండుట న్యాయమా? బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతమును మన దేశము 2015లో నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది. బొడ్డుకోసిన చోట ఏదియు పూయవద్దని, టీకా వేయించుకొమ్మని పల్లెపల్లెకు చెప్పినవారి శ్రమ ఆ విజయమున పెద్దపాలు. పెద్దల పుండ్లను గూర్చియు అట్టి మాటనే, మీ మండలి ముద్రతో, చక్కని తెలుగున చెప్పింపుడు: పారు మంచినీటితో కడుగుడు, శుభ్రమైన గుడ్డతో కప్పుడు, ధనుర్వాతపు సూది వేయించుకొనుడు, మధుమేహులైనచో ఆనాడే ఆస్పత్రికి పొండు, తెరచిన పుండుపై పొడులు చల్లకుడు. ఈ మాట అల్లోపతి వైద్యుడు చెప్పినచో మన ఆకులను హేళన చేయుచున్నాడని జనము నొచ్చుకొందురు. మీరు చెప్పినచో విందురు.

ఇక నా ముఖ్యమైన ప్రార్థన. విజయవాడలో మీ మండలికి ప్రాంతీయ పరిశోధనాలయము కలదు. హైదరాబాదులో భారతీయ వైద్య వారసత్వమును పరిరక్షించు మీ జాతీయ సంస్థ కలదు. ఈ రెండింటిని కేంద్రములుగా చేసికొని, ఉభయ తెలుగు రాష్ట్రముల బోధనాస్పత్రులలోని శస్త్రవైద్యులను, మధుమేహ నిపుణులను కలుపుకొని, పాదవ్రణములపై ఒక పెద్ద పరీక్షకు పూనుకొనుడు. మొదట సరస్వతి ఆకును, వాము ఆకును, గాయపాకును ఎచ్చట, ఏ ఋతువున, ఏ నేలలో కోసినచో సారమెంత వచ్చునో కొలిచి, ప్రతి గొట్టములోను ఒకే పాళమున మందు ఉండునట్లు చూడుడు. ఇది జరుగనిచో తక్కిన శ్రమయంతయు వృథా. పాదమునకు రక్తప్రసరణ ఉన్నదో లేదో ముందు తెలిసికొని, లేనివారిని ఆలస్యము చేయక రక్తనాళ వైద్యులకు పంపుడు. ఇరుపక్షముల రోగులకును చచ్చిన కండను తొలగించుట, పాదముపై బరువు పడకుండ చూచుట, రక్తమున చక్కెరను అదుపున నుంచుట సమానముగా జరుగవలయును. ఎవరికి ఏ లేపనమో చీటివేసినట్లు నిర్ణయింపబడవలయును. పుండు మానినదా లేదా యని తీర్పు చెప్పువారికి ఆ రహస్యము తెలియకూడదు. పుండు మూసికొనుటతో లెక్క ముగింపక, మరల తెరచుకొన్నవారిని, వ్రేలో పాదమో కోల్పోయినవారిని సైతము లెక్కకు ఎక్కింపుడు. ఆకుల రసముచేత ఒరసి దద్దురులెత్తినవారిని దాచకుడు. సమ్మతిపత్రము తెలుగున, చదువరాని వారికి చదివి వినిపింపదగిన మాటలలో నుండవలయును. పరీక్షను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ముందుగనే నమోదుచేసి, ఫలితము మన ఆకులకు ప్రతికూలమైనను, అనుకూలమైనను ఒకే తీరుగ ప్రకటింపుడు. సరస్వతి ఆకు ఓడినదని మీ మండలియే ప్రకటించిన నాడు, అది గెలిచినదని మీరు ప్రకటించునదానిని ప్రపంచము సంశయింపక స్వీకరించును. గెలిచినచో, ఆ యాకులను పండించు చిన్నరైతులకును, ఆ గుణమును కాపాడుకొని వచ్చిన గ్రామీణులకును, గిరిజనులకును 2002 నాటి జీవవైవిధ్య చట్టము చెప్పిన పాలు దక్కునట్లు మొదటి కాగితముననే వ్రాయింపుడు.

దీనికి ధనము కావలయును, ఏండ్లు కావలయును. ఒక పాదము తీసివేసిన పిదప ఒక కూలీ కుటుంబము కోల్పోవు సంపాదనను, కృత్రిమ పాదమునకు, మరల మరల ఆస్పత్రికి అగు వ్యయమును ఎదురుగా పెట్టి చూడుడని మాత్రమే నా మనవి.

ఈ లేఖకు మీరు ఒసగు సమాధానము కూడ బహిరంగముగా, తెలుగున రావలయునని కోరుచున్నాను. పరీక్షకు సిద్ధమైనచో ఏ నాటినుండియో, సిద్ధము కానిచో అడ్డమేమియో, రెండింటిలో ఏదియైనను తెలుపుడు. రోగులను చేర్చుటకు, కట్లు కట్టు సిబ్బందికి శిక్షణ ఇచ్చుటకు నా వంటి విశ్రాంత వైద్యుల సేవ అవసరమైనచో ప్రతిఫలమడుగక వచ్చుటకు నేను సంసిద్ధుడను. నాతో వచ్చుటకు ఇష్టపడు సహోద్యోగులును కలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రభుత్వ శస్త్రవైద్యుడు